శ్రుతి దించి చెప్పు

ఇవాళ పొద్దున బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నా స్కూటర్ పక్కన ఒక ఎర్ర బండి వచ్చి ఆగింది. ఇటలీ బండి, పాత మోడలే. మన రోడ్ల కోసం చేసింది కాదు. రేసు ట్రాకు మీద ఆరితేరినవాళ్ల కోసం చేసిన రకం. దాన్ని నడిపేవాడు కూర్చోడు, బోర్లా పడుకుంటాడు. క్లచ్ పట్టుకొని ఉన్నాడేమో, ఇత్తడి పళ్లెంలో మేకులు పోసి ఊపినట్టు గలగలమంటోంది. అటు పక్కన మోపెడ్ మీద కొబ్బరి బోండాలు కట్టుకున్న పెద్దాయన జాలిపడి, "బాబూ, లోపలేదో ఊడిందయ్యా, చూపించుకో" అన్నాడు. హెల్మెట్‌లో ఉన్న కుర్రాడికి వినిపించలేదు. నేనొక్కడినే నవ్వుకున్నాను. పదిహేనేళ్ల కిందట నేనూ ఆయనలాగే జాలిపడ్డాను. తేడా అల్లా, ఆ రోజు నా చేతిలో స్పానర్ ఉంది.

ఆ గలగలకు నాకు అర్థం చెప్పిన మనిషి దేవదానం మేస్త్రీ గారు. ఆటోనగర్‌లో ఒక రోడ్డు చివర రేకుల షెడ్డు ఆయనది. వయసులో ఉన్నప్పుడు మద్రాసు వైపు వెళ్లి రేసుల్లో తోలాడట. దానికి గుర్తుగా ఎడమ మోకాలు సగమే వంగేది. షెడ్డులో కూడా ఇస్త్రీ చొక్కా. ఆ చొక్కాకు గ్రీజు ఎందుకు అంటదో నాకు ఈనాటికీ తెలియదు, నాకైతే అన్నం తినేటప్పుడు కూడా అంటుతుంది. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. మిగతా ఆరు రోజులూ, వేరేవాళ్లు ముట్టుకోవడానికి జంకే బండ్లన్నీ ఆయన దగ్గరికి వచ్చేవి.

నేను ఎలా వచ్చానో చెప్పాలి. తొమ్మిదో తరగతిలో నేను బడి మానేశాను. అంటే, ప్రార్థన మైకులో హెడ్మాస్టరు గారిలా దగ్గాను. అచ్చం ఆయన దగ్గే. పిల్లలు సర్దుకొని నిలబడితే పరవాలేదు, అయ్యవార్లు కూడా నిలబడ్డారు. ఆ మర్నాటి నుంచి బడికీ నాకూ చెల్లు. తర్వాత ఆటో తోలాను. ఇరవై ఆరో ఏట ఆ ఆటోలో ఒక చప్పుడు మొదలైంది. చూపించిన ప్రతి చోటా ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని ప్రశ్నలే. దేవదానం గారి దగ్గర మాత్రం నేను మాటల జోలికి పోకుండా నోటితోనే ఆటో నడిపి చూపించాను: స్టార్టింగు, ఫస్టు గేరు, సెకండు గేరులో ఆ 'టక్కు', బ్యారేజీ మీద ముగ్గురిని ఎక్కించుకుంటే పడే ఆయాసం. ఆయన కళ్లు మూసుకొని విన్నాడు. మళ్లీ చెయ్యమన్నాడు. సెకండు గేరులో పన్ను విరిగిందన్నాడు. విప్పి చూస్తే నిజంగానే విరిగి ఉంది.

"చదువు రాలేదేమో గానీ నీకు చెవులొచ్చాయిరా, నాగరాజూ. రేపట్నుంచి రా" అన్నాడు.

చేరిన వారానికే గుడివాడ నుంచి ఎముకల డాక్టరు గారు తన ఇటలీ బండిని సర్వీసుకు పంపాడు. ఎముకల డాక్టరుకి ఇంత వేగంగా పోయే బండి ఉండటం తన కొట్టుకు తానే బేరం తెచ్చుకోవడం లాంటిదని నేను అనేవాణ్ణి, ఆయన ముందే. నవ్వేవాడు, మంచి మనిషి. ఆ బండి గలగల విని, లోపలేదో ఊడిందని జాలిపడ్డాను. మేస్త్రీ గారు భోజనానికి వెళ్లిన సమయం చూసి, ఆయన వచ్చేలోపు బాగుచేసి మెప్పు పొందుదామని క్లచ్ విప్పి ముక్కలన్నీ గోనె మీద పరిచాను. వచ్చి చూశాడు. తిట్టలేదు. దాని క్లచ్ ప్లేట్లు మన బండ్లలోలా నూనెలో మునిగి ఉండవనీ, పొడిగా ఉంటాయనీ, లివర్ పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టుకోవడం వాటి సహజమనీ చెప్పాడు. తర్వాత గోనె పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు.

"అది దాని మాటరా. నువ్వు పొద్దస్తమానం వాగుతావు కదా, నిన్నెప్పుడైనా విప్పి చూశానా?"

లేదన్నాను.

"లివర్ వదిలితే అది నోరు మూసుకుంటుంది. నీకూ దానికీ అదే తేడా."

ఆ సాయంత్రమంతా కూర్చొని నాచేతే బిగింపించాడు.

రెండేళ్లు గడిచాయి. ఆయన చర్చిలో పాట ఎత్తుకోవడం మానేశాడని వాళ్లావిడ సుగుణమ్మ గారి ద్వారా తెలిసింది. గొంతు బాగోలేదని చెప్పాడట. షెడ్డులో మాత్రం గొంతు బాగానే ఉండేది, అది రోజూ నా మీద వేసే కేకల్లో తెలిసేది. వింతగా అనిపించింది గానీ పట్టించుకోలేదు. ఆ రోజుల్లో నాకు వేరే పనులుండేవి. ఎవరైనా కొత్త బండితో వస్తే వెనక నిలబడి నోటితో బేరింగు అరిచినట్టు అరిచేవాణ్ణి. వాళ్లు కంగారుపడి దిగి చక్రాలు చూసుకునేవాళ్లు. మేస్త్రీ గారు ఒకసారి కోప్పడ్డాడు, నిజంగా బేరింగు అరిచిన రోజు నిన్నెవరు నమ్ముతారని.

ఆ రోజు రానే వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు గారు సర్వీసుకు ఇచ్చిన ఇటలీ బండి తీసుకెళ్లడానికి వ్యానుతో వచ్చాడు. మర్నాడు చెన్నై దగ్గర ట్రాకు మీద తోలాలి. మేస్త్రీ గారు బండి స్టార్ట్ చేసి, విని, "బాగుందండి, తీసుకెళ్లండి" అన్నాడు. ఆయన ఆ మాటన్నాక డాక్టరు గారు టైరు గాలి కూడా చూసుకునేవాడు కాదు. నేను టీ గ్లాసులతో లోపలికి వస్తున్నాను. మేస్త్రీ గారు లివర్ వదిలాడు, గలగల ఆగింది. ఆగిన చోట, ఇంజను గురగుర పైన, పిచ్చుక పిల్ల అరిచినంత సన్నగా ఒక కీచు.

చెప్పాను. డాక్టరు గారు పగలబడి నవ్వాడు. అంతకు ముందు గంటసేపు ఆయన పేషెంట్లు మూలిగే తీరు చేసి చూపించినవాణ్ణి నేనే కదా. నవ్వులాట కాదండీ అన్నాను. ఇంకా నవ్వాడు. మేస్త్రీ గారు నవ్వలేదు. వంగి, స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి పిడికి చెవి ఆనించాడు. ఒక చోట, ఇంకో చోట. చాలాసేపు. లేచి నా మొహంలోకి చూశాడు.

"చేసి చూపించు."

చేశాను, సన్నగా, పైస్థాయిలో, ఉన్నదున్నట్టు. ఆయన మొహంలో ఏమీ మారలేదు. మళ్లీ చేశాను. ఆయన నా పెదవుల వైపు చూస్తున్నాడు, అద్దం అవతల మాట్లాడుతున్న మనిషిని చూసినట్టు. అప్పుడు నాకు అర్థమైంది. చర్చిలో పాట ఎందుకు ఆగిందో కూడా అప్పుడే అర్థమైంది. నా నోరు జీవితంలో మొదటిసారి దానంతటదే మూతపడింది.

"కాస్త శ్రుతి దించి చెప్పరా" అన్నాడు నెమ్మదిగా.

ఆ కీచును మగవాళ్లు పాడే గొంతులోకి దించాను. సాగే చోట సాగదీసి, తెగే చోట తెంపి. ఆయన కళ్లు మూసుకున్నాడు, మొదటి రోజు ఆటో విన్నట్టే. చక్రం తిరిగినట్టు వచ్చి పోతోందా అని అడిగాడు. వచ్చి పోయేది చేసి చూపించాను. ఇంజనులో బెల్టు తిరిగే చిన్న కప్పీ ఒకటుంటుంది, దాని బేరింగు అన్నాడు. అది పట్టేస్తే బెల్టు తెగుతుంది. బెల్టు తెగితే ఇంజను బిగుసుకుంటుంది, వెనక చక్రం ఆగిపోతుంది. ట్రాకు మీద రెండొందల పైన పోతున్నప్పుడు బండి ఆగుతుంది గానీ మనిషి ఆగడు.

ఎందుకైనా మంచిది, ఒకసారి చూద్దామండి అని ఊరుకోవచ్చు. నేనైతే అలాగే అనేవాణ్ణి. ఆయన చేతులు తుడుచుకొని డాక్టరు గారి ఎదురుగా నిలబడ్డాడు.

"నేను బాగుందన్నానండి. అది తప్పు. సన్న చప్పుళ్లు నాకు వినపడటం మానేసి ఏడాదైంది. వీడికి వినపడింది."

డాక్టరు గారి నవ్వు పోయింది. పోయినసారి సర్వీసులో కూడా మీకు వినపడలేదా అని అడిగాడు. వినపడలేదండి అన్నాడు మేస్త్రీ గారు. కప్పీ విప్పి, తిప్పి, నా వేలు పట్టుకొని దాని మీద పెట్టాడు. ఇసుక నలిగినట్టు గరగరలాడింది. తర్వాత డాక్టరు గారి వేలు పెట్టించాడు. ఆయన చాలాసేపు వేలు తియ్యలేదు. విరిగిన ఎముకలు పట్టుకునే చెయ్యి, దానికి చెప్పక్కర్లేదు. వ్యాను ఖాళీగా గుడివాడ తిరిగి వెళ్లింది.

మాట దాగలేదు. చెవిటి మేస్త్రీ అని కొందరు రావడం మానేశారు. డాక్టరు గారు మాత్రం మానలేదు. పైగా మరో ఇద్దరిని పంపాడు. మేస్త్రీ గారు చర్చిలో వెనక వరసకు మారి, లోగొంతు పాడేవాళ్ల మధ్య నిలబడి మళ్లీ పాడటం మొదలుపెట్టాడు. షెడ్డులో నేను ప్రతి బండినీ శ్రుతి దించి ఆయనకు వినిపించేవాణ్ణి. చూసేవాళ్లకు ఒకడు గేదెలా అరుస్తుంటే ఇంకొకడు కళ్లు మూసుకొని తల ఊపుతున్నట్టుండేది. చివరి రోజుల్లో అదీ వినపడక, అరచెయ్యి నా గొంతు మీద పెట్టేవాడు. నేను చేస్తే వేళ్లతో విని జబ్బు పేరు చెప్పేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. షెడ్డు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. బండ్లతో వచ్చేవాళ్ల వెనక నిలబడి అరవడం ఆ శుక్రవారంతోనే పోయింది. మిగతా వాగుడంతా క్షేమం.

ఇవాళ సిగ్నల్ దగ్గర ఆ కుర్రాడు బండిని న్యూట్రల్‌లో వేసి లివర్ వదిలాడు. గలగల ఆగింది. ఆగిన చోటికి నా చెవి దానంతటదే వెళ్లింది. వెతికింది. కీచు లేదు. పచ్చ లైటు పడింది, కుర్రాడు వెళ్లిపోయాడు, నా వెనక హారన్లు మొదలయ్యాయి. "బాగుందండి, మేస్త్రీ గారూ" అన్నాను, శ్రుతి దించి.