దూదితో ఎంచిన పాటలు

ఇనుపరాయి గనిలో డ్రిల్లు మీద పనిచేసి పనిచేసి మా ఆయన చెవులు మందగించాయి. ఆయనకు జాజ్ పిచ్చి. గోవా నుంచి వచ్చిన ఫోర్‌మన్ ఒకాయన అంటించి పోయాడు. ఎప్పుడూ ఒకే గాయని, ఆవిడ వెనక ఊరేగింపులోలా బాకాలు. మునుపు నాకు తలనొప్పి. ఇప్పుడు ఆయనకే అదంతా ఒట్టి రొద. ఒకరోజు క్యాసెట్లన్నీ అట్టపెట్టెలో సర్ది, "ఎవరికైనా ఇచ్చెయ్" అన్నాడు. నాతో మాట్లాడటమూ తగ్గించేశాడు. పాట పోతే పోయింది, మనిషే దూరమైపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్లాను. బదిలీ అయిన ఆఫీసర్లు అమ్మేసిన ఇంగ్లిష్ రికార్డులు కొని, కోరిన పాటలు క్యాసెట్లోకి ఎక్కించే దుకాణం అక్కడ ఉండేది. యజమాని కోంటా వైపు తెలుగతను. ఆ గాయని రికార్డులన్నీ వేయమని, చెవుల్లో దూది కుక్కుకున్నాను. డ్రిల్లు మీద మా ఆయన అలాగే కుక్కుకునేవాడు. చొక్కా ఉతికినప్పుడల్లా జేబులో ఎర్రదుమ్ము పట్టిన ఉండలు దొరికేవి.

దుకాణం అతను పగలబడి నవ్వి, నా చెవి దగ్గరకొచ్చి అరిచాడు. "ఏంది అక్కా! పాట కొందామని వచ్చినవా, తప్పించుకుందామని వచ్చినవా?"

"నువ్వు వెయ్యి తమ్ముడూ, నీకెందుకు!"

బాకాలున్నవన్నీ ఒకటే హోరు. చివరికి ఒకటి వచ్చింది: పియానో, గిటారు, నిలువెత్తు ఫిడేలు, అంతే. పిట్టగోడ మీద మోచేతులాన్చి కబురు చెబుతున్నట్టు పాడిందావిడ. దూదిలోంచి కూడా మాట మాటా తెలిసింది; ఇది ఆయన చెవులకూ అందుతుంది అనుకున్నాను. నాకు ఇంగ్లిష్ రాకపోతేనేం!

"ఇట్లాంటివే ఎక్కించు. జనం ఎక్కువున్నవి వద్దు."

ఇంటికొచ్చి టేపురికార్డర్‌లో పెడితే ఆయన విసుక్కున్నాడు. "మళ్లీ ఎందుకే ఈ గోల?"

"వింటే వినండి, లేకపోతే మానండి!" అని వంటింట్లోకి పోయాను. ఎంతసేపటికీ ఆపమనలేదు. తొంగిచూస్తే ఆయన వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

పాట అయ్యాక పిలిచాడు. "ఈవిడ మాట తెలుస్తోందే. చుట్టూ రొద లేదుగా. నువ్వేమో కొళాయి తిప్పి, కుక్కరు పెట్టి, అక్కణ్ణుంచి అరుస్తావు. ఎన్నిసార్లని ఏమిటీ, ఏమిటీ అనను? సిగ్గేసి ఊరుకుంటున్నా."

కొళాయి కట్టేశాను. స్టవ్ ఆర్పేసి వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"రాత్రికి చారా, పులుసా?" అని మెల్లగా అడిగాను.

"పులుసు" అన్నాడు, ఏమిటీ అనకుండా.