ఆరనివ్వని మనిషి

మా బావకి ‘తొందర బావ’ అని పేరు పెట్టింది నేనే. మరదలికి ఆ మాత్రం హక్కు లేదా? టీ మరగకముందే వడకట్టేస్తాడు. గోడకి రంగు వేస్తే ఆరేదాకా ఆగడు, వీపు ఆనించి చొక్కా పాడుచేసుకుంటాడు. కొరియర్ ఆఫీసులో పార్శిళ్లకి టేపు అంటించే ఉద్యోగం ఆయనది. అక్కడ ఆ తొందరనే మెచ్చుకుని నెత్తినెక్కించుకున్నారు.

అక్క వేరు. ఊరిబయటి కొండ మీద జనానికి బండలెక్కడం నేర్పుతుంది. ముందు తనెక్కి పైన తాడు కడితేనే మిగతావాళ్లు ఎక్కేది. అంతసేపూ ఆమె ప్రాణం బూటు మొన మీదే ఉంటుంది. మొన దగ్గర సోలు ఊడితే బయట ఎవరికీ ఇవ్వదు. పాత జిగురు గీకి, గరుకు కాగితంతో రుద్ది, రెండువైపులా రబ్బరు సొల్యూషన్ పూసి, విడివిడిగా ఆరబెడుతుంది. వేలికి అంటుకోనంతగా ఆరాకే రెండూ కలిపి అదుముతుంది. అప్పుడే అది పట్టు వదలదట.

ఆ సాయంత్రం అలాగే పూసి, కిటికీలో పెట్టి, కూరగాయలకి వెళ్లింది. ఈలోగా బావ వచ్చాడు. నోరు తెరుచుకున్న బూటు చూశాడు, వేలు పెట్టాడు, అంటుకోలేదు. జిగురు ఎండి పాడైపోయిందనుకున్నాడు మహానుభావుడు! సొరుగులోంచి సూపర్ గ్లూ తీసి, దాని మీదే పోసి నొక్కేశాడు.

అక్క తిరిగొచ్చి బూటు చూసింది. “నువ్వు నొక్కావా?”

“ఆరిపోయింది కదా, నేనే నొక్కేశా.”

“ఆరేదాకా ఆగావా! ఎంత మార్పు!” అని మురిసిపోయింది. గ్లూ సంగతి ఆయన చెప్పలేదు, చెప్పాలని తోచనూలేదు.

మర్నాడు అక్క కొండకి వెళ్లాక, బావ నా దగ్గర గొప్పలు మొదలుపెట్టాడు. “మీ అక్క జిగురు ఎండిపోతే నేనే సూపర్ గ్లూ వేశా. రాయిలా అయిపోయింది, తెలుసా!”

“రాయిలా అయితే బూటు వంగినప్పుడు పగలదూ, బావా?”

ఆయన గబుక్కున జేబు తడుముకున్నాడు. ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బండి తీశాడు. వెనక నేనెక్కానో లేదో కూడా చూసుకోలేదు.

మేం వెళ్లేసరికి అక్క బండ కింద కూర్చుని ఉంది, మణికట్టుకి చున్నీ చుట్టుకుని. సగం దాకా ఎక్కాక సోలు ఫట్‌మని ఊడిందట. జారి పడితే, ఎక్కుతూ దారిలో కొక్కేనికి తగిలించుకున్న తాడు ఆపింది కానీ, చేయి బండకి కొట్టుకుంది. ఊడిన ముక్క మీద తెల్లగా మెరుస్తున్న గ్లూని చూసింది, బావని చూసింది.

“తిట్టవే, నీకు దణ్ణం పెడతా, తిట్టు,” అని ఆయన బతిమాలాడు.

నాలుగు రోజులయ్యాక, చేతి కట్టు ఇంకా విప్పకముందే అక్క ఆ బూటూ, సొల్యూషన్ డబ్బా తెచ్చి బావ ముందు పెట్టింది.

“నావల్ల కాదు. షాపులో ఇద్దాం,” అన్నాడు బావ.

“ఈ చేత్తో నేను చెయ్యలేను. ఎక్కేది నేను, నువ్వే అంటించు.”

గీకాడు, రుద్దాడు, పూశాడు. తర్వాత దాని ముందే కూర్చుండిపోయాడు. నేనిచ్చిన టీ చల్లారిపోయింది. వేలు పెట్టి చూస్తాడు, తీస్తాడు, మళ్లీ పెడతాడు.

“ఎప్పుడో ఆరింది బావా, నొక్కు!” అని విసుక్కున్నాను.

“ఇంకాసేపు చూద్దాం.”

అక్క వచ్చి పక్కన కూర్చుని, ఆయన చేతి మీద తన మంచి చేయి వేసింది. ఇద్దరూ కలిసి అదిమారు. బావ కళ్లు చెమర్చాయి, కానీ చెయ్యి తీసి తుడుచుకోలేదు.

“ఊడదు కదే?” అన్నాడు.

“ఎక్కితేగానీ తెలీదు,” అంది అక్క.