గోల్‌కీపర్‌ని బయటికి పంపాల్సింది ఎవరు? కాజీపేటలో ఒక ఆదివారం

ఈ ప్రయాణం ఒక వాట్సాప్ గొడవతో మొదలైంది. నిద్ర మానుకుని యూరప్ ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు చూసే మాకు ఒక గ్రూపు ఉంది. ఆ మధ్య ఒక మ్యాచ్‌లో గోల్‌కీపర్ తలకు దెబ్బ తగిలి పడిపోయాడు. బంతి ఎదుటి జట్టువాడి కాళ్ల దగ్గర ఉంది, ముందు గోల్ ఖాళీగా ఉంది. సరిగ్గా అప్పుడే, తలకు దెబ్బ తగిలితే ఆట ఆపాలన్న రూలు ప్రకారం, రిఫరీ విజిల్ ఊది ఆట ఆపేశాడు. ఇక చూడండి, గ్రూపు రెండు ముక్కలైంది. మనిషి కన్నా గోల్ ఎక్కువా అని నేను రాశాను. మడికొండలో పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసే సంపత్ వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అంత డ్రామా అన్నా. ఈ రూల్ వచ్చినకాడికెళ్లి తల పట్టుకొని పడుడే ఒక టెక్నిక్ అయింది. నువ్వు టీవీల చూసి మాట్లాడుతానవ్. ఆదివారం మా కాజీపేటకు రా, సెమీఫైనల్ ఉన్నది. అసలు ఫుట్‌బాల్ ఏందో చూపిస్త." రోషం వచ్చింది. వెళ్లాను.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కితే రెండు గంటల పైచిలుకులో కాజీపేటలో దిగవచ్చు. కూర్చునే బోగీలో టికెట్ పెద్ద ఖర్చేమీ కాదు, కానీ ఆదివారం రద్దీ కాబట్టి ముందే తీసుకోండి. స్టేషన్ బయట మడికొండకు షేర్ ఆటోలు దొరుకుతాయి. ఆట చూడ్డానికి వచ్చానని చెప్పేసరికి ఆటో అతను నావైపు తిరిగి మరీ అడిగాడు. "రిఫరీ ఎవరు, బాలశౌరి సారేనా? అయితే లొల్లి పక్కా అన్నా. నా చిన్నప్పుడు మా స్కూల్ల డ్రిల్ సారు ఆయనే. రూలంటే రూలే, సొంత తమ్మునికి సుత రెడ్ కార్డు చూపిచ్చిండు." రోడ్డు చూసి నడపమని బతిమాలుకున్నాను.

షెడ్డు ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా నడుస్తుంది. లోపల అడుగుపెట్టగానే చెవులు దిబ్బళ్లు పడ్డాయి. మగ్గాలన్నీ ఒక్కసారి ధడధడలాడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా పెదవులు కదలడమే తప్ప మాట అందదు. సంపత్ ఒక వరసలో, అతని అక్క భర్త తిరుపతి ఎదుటి వరసలో పనిచేస్తున్నారు. సాయంత్రం షెడ్డు జట్టుకు గోల్‌కీపర్‌గా దిగేది ఈ తిరుపతే. బావా బామ్మర్దులిద్దరూ చేతులతోనే కబుర్లాడుకుంటున్నారు. సంపత్ రెండు వేళ్లు తెంచినట్టు ఆడిస్తే పోగు తెగిందని అర్థమట. తిరుపతి మగ్గం మీదినుంచి చూపు తిప్పకుండానే అరచెయ్యి గుండెకు తాకించాడు. చూసుకుంటాలే అని దాని జవాబు. ఒకడు అడగడం, రెండోవాడు జవాబివ్వడం, అంతా కనురెప్పపాటులో అయిపోయేది.

భోజనం షెడ్డు పక్కనే ఉన్న ఒక చిన్న మెస్సులో చేశాం. ఆదివారం బగారన్నం, కోడికూర. కడుపునిండా తిన్నా వంద దాటలేదు. వండి వడ్డించే లక్ష్మక్క నా చెవి దగ్గరకొచ్చి "ఇంకింత ఏస్తనా?" అని కేక పెట్టింది. నేను అదిరిపడి, నాకు బాగానే వినిపిస్తోందమ్మా అన్నాను. ఆమె పగలబడి నవ్వింది. "ఏం జెయ్యాలె బిడ్డా, అలవాటైపోయింది. ఈడ తినేటోళ్లంత షెడ్డోళ్లే. మెల్లగ అడిగితె ఒక్కడు పలుకడు." పక్కనే కూర్చున్న తిరుపతి ఇదేమీ పట్టనట్టు ఎముక చీకుతున్నాడు.

మ్యాచ్ నాలుగింటికి, రైల్వే కాలనీ దగ్గరి మైదానంలో. షెడ్డు జట్టుకీ కాలనీ జట్టుకీ పోటీ. ప్రొఫెషనల్ లీగుల్లో మాదిరిగా ఈసారి ఇక్కడ కూడా తలదెబ్బ నిబంధన పెట్టారు. తలకు దెబ్బ తగిలితే రిఫరీ ఆట ఆపి ప్రశ్నలడగాలి. అనుమానం వస్తే ఆటగాడు బయటికి పోవాలి, మళ్లీ రాకూడదు. సంపత్ గోల్‌పోస్టు వెనక నా పక్కన నిలబడి మొదటి సగమంతా ఆ నిబంధనను తిడుతూనే ఉన్నాడు. షెడ్డు జట్టుకు రెండో గోల్‌కీపర్ లేడు. తిరుపతి లేకపోతే ఫైనల్ ఆశ వదులుకోవాల్సిందే.

రెండో సగంలో షెడ్డు జట్టు ఒక గోల్ ఆధిక్యంలో ఉంది. పక్కనుంచి ఎత్తుగా వచ్చిన బంతికోసం తిరుపతి, ఎదుటి ఫార్వర్డ్ ఒకేసారి ఎగిరారు. తలలు ఢీకొన్న చప్పుడు మాదాకా వినిపించింది. ఇద్దరూ పడ్డారు. ఫార్వర్డ్ నుదురు రుద్దుకుంటూ లేచాడు. తిరుపతి కాస్త ఆలస్యంగా లేచి, చేతి తొడుగులు సర్దుకుని, గోల్ ముందు నిలబడ్డాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడు.

బాలశౌరి సార్ ఆట ఆపి అతని దగ్గరికి వచ్చారు. "తిరుపతీ, ఇది ఫస్ట్ హాఫా, సెకండ్ హాఫా?" తిరుపతి ఆయన వంక చూస్తున్నాడే తప్ప పలకలేదు. "గోల్ ఎవలు కొట్టిండ్రు?" దానికీ జవాబు లేదు. సార్ బయటికి పొమ్మని చేత్తో చూపించారు.

జనం ఒక్కసారిగా గోల ఎత్తుకున్నారు. సంపత్ మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి దూకాడు, అతన్ని ఆపబోయి నేనూ వెనకే పరుగెత్తాను. "సార్, ఆయనకు దెబ్బతోని కాదు, మగ్గాలతోని వినపడది! మా షెడ్డుల అందరం గంతే! నన్ను గట్లనే మెల్లగ అడుగు, నేను సుత పలుక!" సార్ తికమకపడ్డారు. నిబంధనల్లో చెవుడు గురించి ఏమీ రాసినట్టు లేదు. ఒకాయన పెద్ద లీగుల్లో అయితే ఏ జట్టుకూ చెందని డాక్టర్ చెప్పాలన్నాడు. ఇంకొకాయన రిఫరీ మాటే ఆఖరన్నాడు. వీడియో చూద్దామని ఎవడో సెల్‌ఫోన్ పైకెత్తాడు. సార్ ఈసారి గొంతు పెంచి అడిగారు. ఆయన అడగడమే ఆలస్యం, చుట్టూ ఉన్నవాళ్లంతా "సెకండ్ హాఫ్ అని చెప్పు తిర్పతీ!" అని అరవడం మొదలుపెట్టారు. గ్రూపులో ఆటగాళ్ల భద్రత గురించి పేజీలకు పేజీలు రాసిన నేను కూడా అరిచాను. ఎందుకరిచానో అర్థం కాలేదు. తిరుపతి మావైపు చూసి "సెకండ్ హాఫ్" అన్నాడు. జనం ఈలలు వేశారు.

"గిదేం పరీక్షరా, జవాబులన్ని మీరే చెప్తాన్రు!" అని సార్ తల పట్టుకున్నారు.

"మా తీర్గ నేనడుగుత సార్," అన్నాడు సంపత్. తిరుపతి ముందు నిలబడి రెండు వేళ్లు తెంచినట్టు ఆడించాడు. తిరుపతి ఆ వేళ్ల వంక చూశాడు. చిన్నగా నవ్వాడు. తనూ రెండు వేళ్లు తెంచినట్టు ఆడించాడు.

"చెప్పిండు, చెప్పిండు!" అని జనం చప్పట్లు కొట్టారు. సార్ ముఖంలో కూడా ఊరట కనిపించింది. నేనూ హమ్మయ్య అనుకుని, మరుక్షణమే ఆగిపోయాను. గుండెకు తాకాల్సిన అరచెయ్యి తాకలేదు. సంపత్ ఇంకో సైగ చేశాడు. తిరుపతి దాన్ని కూడా ఉన్నదున్నట్టు తిరిగి చేసి చూపించాడు, అదే చిరునవ్వుతో. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

"ఏమంటవ్ సంపత్, సరిగ్గ చెప్పిండా?" అని సార్ అడిగారు. ఆ సైగలు తెలిసిన షెడ్డు ఆటగాళ్లు అప్పటికే దూరంగా లైన్స్‌మన్‌తో గొడవపడుతున్నారు. ఇక్కడ తెలిసింది సంపత్‌కు, పొద్దున ఒక్కసారి చూసిన నాకు మాత్రమే. నేను ఆ మాట సంపత్‌కే వదిలేశాను. సంపత్ బావ ముఖం వంక చూశాడు, జనం వంక చూశాడు. తర్వాత వంగి, తిరుపతి చేతి తొడుగులు తనే ఒక్కొక్కటిగా ఊడదీశాడు.

"చెప్పలేదు సార్. తీస్కపోతాన."

సొంత జట్టునే అమ్ముకున్నాడని వెనకనుంచి బూతులు వినిపించాయి. తిరుపతి బదులు గోల్‌లో నిలబడ్డ డిఫెండర్ రెండు గోల్స్ ఇచ్చేశాడు. మేం అప్పటికే ఆటోలో ఉన్నాం, ఆ కబురు ఫోనులో తెలిసింది.

దవాఖానలో స్కాన్ తీశారు. లోపల రక్తం చేరలేదు, అయినా రాత్రికి ఉంచుకుని చూస్తామన్నారు డాక్టరమ్మ. తిరుపతి మంచం మీద కూర్చుని "మ్యాచ్ ఏమైంది సంపత్?" అన్నాడు. సంపత్ దగ్గరికి వంగి, ఓడిపోయామని చెప్పాడు. తిరుపతి ముఖం మాడిపోయింది. కాసేపటికి మళ్లీ "మ్యాచ్ ఏమైంది?" అన్నాడు. సంపత్ మళ్లీ చెప్పాడు. తిరుపతి మళ్లీ అప్పుడే విన్నట్టు కుమిలిపోయాడు. మూడోసారి అడిగినప్పుడు సంపత్ "గెల్చినం బావా" అన్నాడు. తిరుపతి హాయిగా వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. సంపత్ బయటి వరండాలోకి వచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను నీళ్ల సీసా అతని చేతిలో పెట్టాను.

తిరుగు రైల్లో ఎంత ఆలోచించినా లెక్క తేలలేదు. బయటికి పొమ్మన్న సార్ మాట సరైనదే, కానీ ఆయన అడిగిన ప్రశ్నలతో అది తెలిసే వీల్లేదు. మగ్గాలవల్లే వినపడదన్న సంపత్ వాదన కూడా నిజమే, కానీ దాన్ని నమ్మి వదిలేసి ఉంటే తిరుపతికి ఇంకో దెబ్బ తగిలేదేమో. నిబంధనను తిట్టినవాడు దాన్ని నిలబెట్టాడు, సమర్థించిన నేను జవాబులు అందించాను. మర్నాడు పొద్దున సంపత్ ఫోన్ చేశాడు. "మా బావ తెలివికొచ్చిండన్నా, అంత మంచిగనే ఉన్నడు. గెల్చినమని ఇంటోళ్లందరికీ చెప్తాండు. ఇగ నిజం నేనే చెప్పాలె." చెప్పమనాలో వద్దనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మీరూ ఆ మైదానానికి వెళ్తే నాలుగింటికి కాస్త ముందే చేరి గోల్‌పోస్టు వెనక చోటు చూసుకోండి, ఎండ వీపు మీద పడుతుంది, ఆట బాగా కనిపిస్తుంది. ఎవరికైనా తలకు దెబ్బ తగిలితే మాత్రం జవాబులు అరవకండి. ఆ మనిషితో రోజూ కలిసి పనిచేసేవాడు ఎవరో చూసి, అతనికి దారి వదలండి.