పసుపంటే పునరుత్థానం

ముందు డబ్బాల చప్పుడు వినిపిస్తుంది. సైకిలు హ్యాండిలుకి అటు రెండు, ఇటు రెండు రంగు డబ్బాలు ఒకదాన్నొకటి పలకరించుకుంటూ వీధి మలుపు తిరుగుతాయి. ఆ తర్వాత, చొక్కా నిండా వసంతం చల్లుకున్నట్టు మా మావయ్య కనిపిస్తాడు. గోడలకి రంగులు వేయడం ఆయన వృత్తి. ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఏ రంగునీ దాని పేరుతో పిలవడు. ప్రతి రంగులోనూ ఆయనకి బైబిలు కనిపిస్తుంది.

“గోడకి లేత నీలం వేయాలండీ,” అంటారు ఇంటివాళ్ళు.

“గలిలయ సముద్రం. పొద్దుటిదా, తుపానుకి ముందుదా?”

“బాత్‌రూమ్‌కండీ.”

“అయితే తుపాను వద్దులెండి.”

అత్తయ్య ఎప్పుడో ఆశ వదిలేసింది. ఒకరోజు రొట్టెకి పచ్చగా బూజు పట్టిందని పారేయబోతే, మావయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగవే! సృష్టిలో మూడో దినం. భూమి మీద గడ్డి మొలిచింది.”

“ఏడో దినం కూడా ఈ ఇంట్లోనే ఉంది. విశ్రాంతిగా కుర్చీలో కూర్చుంది,” అంది అత్తయ్య.

వసంతం వస్తే ఇక పట్టలేం. సెలూన్ ముందున్న చెట్టు ఒక్క వారంలో నిలువెల్లా ఊదారంగు అయిపోతుంది. పూలు నేలకి దారి మరిచిపోయినట్టు గాలిలో తిరిగి తిరిగి దిగుతాయి. మావయ్య పని ఆపేసి, తలెత్తి నిలబడిపోతాడు.

“పశ్చాత్తాపం రాలుతోందయ్యా!”

“మీ పశ్చాత్తాపం ఊడ్చలేక నా నడుం పడిపోతోంది పెద్దాయనా,” అంటాడు చీపురు పట్టుకుని సెలూన్ ఆయన.

మా చర్చిలో మాత్రం గోడలు, వేదిక, మెట్టు అన్నీ తెలుపే. అక్కడ నలభై ఏళ్ళుగా ఆర్గన్ వాయించేది సంగీతం టీచరమ్మ. క్రిస్మస్‌నాడు వేదిక మెట్టు దగ్గర తూలి పడింది. “చెప్పు జారింది,” అంది, ఎవరూ అడక్కముందే. “ఇంకోసారి పడితే వేరే మనిషిని చూసుకుందాం,” అన్నాడు కోశాధికారి కమిటీలో. మినిట్స్ రాసేది నేనే కాబట్టి, అదీ రాశాను.

ఈస్టరుకి రెండు వారాల ముందు, ఎవరినీ అడక్కుండా, మావయ్య ఆ మెట్టు అంచుకి కళ్ళు జిగేలుమనే పసుపు వేశాడు. పక్కనున్న రెయిలింగుకి ఎరుపు. ఆర్గన్ ముందున్న స్టూలుకి చిలకపచ్చ.

“ఇది చర్చా, సర్కస్సా?” కోశాధికారి మండిపడ్డాడు.

“పసుపంటే పునరుత్థానం. ఎరుపంటే ప్రాణత్యాగం.”

“మరి స్టూలు?”

మావయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. “పచ్చిక బయలు. కాపరి గొర్రెల్ని తోలుకెళ్ళేది.”

“స్టూలు మీద గొర్రెలెక్కడున్నాయయ్యా?”

“కమిటీలో ఉన్నాం కదండీ.”

గంటన్నర వాదించాడు. అంత బైబిలు మా పాస్టరుగారు కూడా ఒక్క రోజులో ఎప్పుడూ విని ఉండరు. అయినా ఓడిపోయాడు. అన్నిటికీ మళ్ళీ తెల్లరంగు వేయాలని తీర్మానం.

“ఈస్టరు ఆరాధన ఒక్కటి కానివ్వండి. మధ్యాహ్నం నేనే వేస్తా,” అని బతిమాలాడు. ఆ గొంతులో బైబిలు లేదు. పాస్టరుగారు సరేనన్నారు. తెల్ల డబ్బా తెచ్చే పని నా మీద పడింది.

ఆ ఉదయం లేత ఎండ బెంచీల మధ్య చెప్పులు విప్పి నడుస్తున్నట్టుంది. నేను డబ్బా కాళ్ళ దగ్గర పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. టీచరమ్మ పాటల పుస్తకం చంకలో పెట్టుకుని లేచింది. ఎరుపు దగ్గరకి రాగానే చెయ్యి చాచింది. పసుపు ముందు ఆగి, పాదమెత్తి, సరిగ్గా దాని మీద మోపింది. చిలకపచ్చ దాకా నిటారుగా వెళ్ళి, రాణిలా కూర్చుంది. పుస్తకం తెరిచి తలకిందులుగా పెట్టుకుంది. ఒక్క స్వరం తప్పకుండా వాయించింది.

మావయ్య వైపు చూశాను. ఆయన మహా భక్తిగా కిటికీలోంచి చెట్లని చూస్తున్నాడు.

ఆరాధన అయ్యాక, టీచరమ్మ అందరితో కరచాలనం చేసి ఇంటికి వెళ్ళాక, కోశాధికారి డబ్బా వైపు వేలు చూపించాడు. “ఇంకా ఆలస్యమెందుకు?”

“పునరుత్థానం మీద ఈస్టరు నాడే తెల్లరంగు కొడితే ఏం బాగుంటుందండీ?” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు.

పాస్టరుగారు ఆర్గన్ మీది తలకిందుల పుస్తకాన్ని కాసేపు చూశారు. తాపీగా దాన్ని మూశారు. “బాగుండదు. ఉండనిద్దాం,” అన్నారు. కోశాధికారి గొణుగుడు వినిపించనట్టు నేను మినిట్స్‌లో ‘ఏకగ్రీవంగా’ అని రాసేశాను.

బయట సైకిలు దగ్గర మావయ్య దొరికాడు.

“ఆవిడకి చూపు ఎప్పట్నుంచి తగ్గింది?”

“ఎవరికి?” అన్నాడు అమాయకంగా.

“సరే. ఇంతకీ పసుపంటే ఏంటి మావయ్యా?”

అటూ ఇటూ చూశాడు. సైకిలెక్కాడు. డబ్బాలు మళ్ళీ పలకరించుకున్నాయి.

“మెట్టురా. రాతలో మాత్రం పునరుత్థానం అనే ఉంచు.”