బస్సెక్కే ముందు రోజు

సారమ్మ చేతులు నాలుగేళ్ళుగా వాస్తున్నాయి. పొద్దున లేస్తే గంటసేపు పిడికిలి బిగియదు, నీళ్ళచెంబు నిలవదు. క్రోసూరు పక్క ఊళ్ళో మిరపకాయలు కోసే ముఠాలో ఈ మాట చెబితే నవ్వేవాళ్ళు. మిరపకోతకు పోయి చేతులు మండనిదెవరికి?

"అందరి చేతులూ మండుతున్నయ్. నీయి ఒక్కయ్యే బంగారమా? ఆముదం రాసుకో పో," అనేది ముఠా మేస్త్రి అలివేలమ్మ.

ఆముదం రాసింది. మజ్జిగలో ముంచింది. మిరప మంటయితే తెల్లారేసరికి దిగిపోతుంది. ఇది కోతల్లేని ఎండాకాలంలో కూడా వేళ్ళ కణుపుల్లో తిష్ట వేసుకుని కూర్చుంది. ఆ తేడా చెప్పబోతే వినే ఓపిక ఒక్కరికీ లేదు. సారమ్మకు అసలు ఒళ్ళు మండింది అక్కడే.

చివరికి నరసరావుపేటలో కీళ్ళ డాక్టరు మెహ్జబీన్ దగ్గరికి బయల్దేరింది. ముందు రోజు ఊళ్ళో వైద్యం చేసే ఆరెంపీ దగ్గర బలం సూది వేయించుకుంది. కోతకు ముందు, ప్రయాణానికి ముందు ఆ సూది పొడిపించుకోవడం అక్కడ కాఫీ తాగినంత మామూలు. దాన్ని మందని ఎవరూ అనుకోరు. పొడిస్తే రెండు మూడు వారాలు వాపు మాయం.

"వాపేదమ్మా?" అంది డాక్టరు వేళ్ళు నొక్కి చూసి. రక్తపరీక్షలోనూ పెద్దగా ఏమీ తేలలేదు. "మందులేమన్నా వాడుతున్నావా?"

"లేదమ్మా," అంది సారమ్మ. నిజమే చెప్పాననుకుంది.

ఏడాది తిరిగాక మళ్ళీ పోయింది. మళ్ళీ అదే సూది, అవే నున్నటి వేళ్ళు. ఈసారి ఇంట్లో మొగుడు బాలశౌరి కూడా తగులుకున్నాడు.

"డాక్టరమ్మే ఏం లేదంటుంటే నీకు ఏందే ఈ నొప్పి? పని ఎగ్గొట్టటానికి కాకపోతే."

ఆ మాటకు ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. నొప్పికన్నా అబద్ధాలకోరు అనిపించుకోవడమే ఎక్కువ బాధించింది.

మూడోసారి బయల్దేరేనాటికి ఆరెంపీ పెళ్ళికని మాచర్ల పోయాడు. సూది లేదు. బస్సు కడ్డీని మోచేతి మడతతో పట్టుకుని, నిలబడి నరసరావుపేట చేరింది. ఆ చేతులు చూడగానే డాక్టరు కలం పక్కన పెట్టి, ఎక్స్‌రే తీయించింది.

"గాయమైతే వాచటం ఒంటికి మంచిదే, మానటానికే ఆ మంట. నీ ఒళ్ళు మాత్రం నీ కీళ్ళనే శత్రువులనుకుని మంట పెడుతోంది. ఈ రెండు వేళ్ళల్లో ఎముకను ఆ మంట తినేసింది. ఇవి ఇంక పూర్తిగా వంగవు. మొదట్లోనే మందు మొదలుపెడితే చానామందికి ఎముక నిలబడుతుందని పరిశోధనల్లో తేలింది. మిగతా వేళ్ళు కాపాడుకుందాం. ఇంతకుముందు ఈ వాపు ఎందుకు లేదు?"

సారమ్మ సూది సంగతి చెప్పింది. డాక్టరు ముఖం గంటుపెట్టుకుంది.

"అది స్టెరాయిడు, వాపును దాచేసే మందు. రోగం ఆగదు, కనపడకుండా పోద్దంతే. అది వేయించుకుని నా దగ్గరికి వస్తే నేనేం చూడాలి?"

సారమ్మకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. వంగని రెండు వేళ్ళనూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ చేతుల్తో బస్సు ఎక్కలేకనే కదమ్మా, ఆ సూది ఏయించుకుంది. మీకు చూపిచ్చుకుందామనే."