తాతయ్య ఆపనివ్వని చుక్క

నా చిన్నప్పుడు నేను బొమ్మలతో ఆడినట్టు గుర్తులేదు, నీళ్ల పంపులతోనే ఆడాను. తమిళం మాట్లాడే ఊళ్లో, ఉప్పళం అనే పేటలో మా తాతయ్యకు పంపులమ్మే చిన్న అంగడి ఉండేది. బడికి పోయింది తక్కువ, అంగడిలో కూర్చుంది ఎక్కువ. అందుకే నా చేతికి అక్షరాలు రాలేదు, స్పానర్ వచ్చింది. ఇది కూడా నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

ఆ ఏడు తాతయ్యకు అన్నం సయించేది కాదు. ఒక్క పెద్ద మిల్లు బేరమైనా పట్టకపోతే ఏజెన్సీ తీసేసుకుంటామని కోయంబత్తూరు నుంచి మాకు పంపులు పంపే కంపెనీవాళ్లు చెప్పేశారు. ఏజెన్సీ పోతే అంగడే లేదు. అప్పుడే ఊళ్లో ఒక బట్టల మిల్లు తన అద్దకం షెడ్డుల్లో పాత పంపులన్నీ మార్చాలనుకుంది. ఇంకో కంపెనీవాళ్లు మద్రాసు నుంచి కారులో దిగారు. మిల్లు మేనేజరు ఒక్కటే మాట చెప్పాడు: ఇద్దరి పంపులూ పక్కపక్కన పెట్టి ఒక పొద్దంతా తిప్పండి, ఆగకుండా నిలిచినదాన్ని కొంటాం.

తాతయ్య నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాడు. వేళ్ల వాపుతో ఆయనకు పట్టు తప్పింది, స్పానర్ నేనే పట్టాలి. పంపులో ఇరుసు బయటికి వచ్చేచోట నీళ్లు చిమ్మకుండా గ్రీజు పూసిన తాడు చుట్టి, పైన నట్లు బిగిస్తారు. మా పంపుకు అక్కడ చుక్కా చుక్కా పడుతోంది. మద్రాసువాళ్లది పొడిగా ఉంది. మేనేజరు కూడా మాలాగే తెలుగాయనే.

“ఏంది పెద్దాయనా, కొత్త పెళ్లికూతురికి అప్పుడే జలుబా?” అన్నాడు.

మద్రాసువాళ్లు పగలబడి నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. స్పానర్ తీసి నట్లు గట్టిగా బిగించబోయాను. తాతయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

“వద్దు పాపా. ఆ చుక్కే దాన్ని చల్లగా పెడతా ఉండాది. ఆపినావంటే లోపల తాడు కాలిపోతాది.”

“అందరూ నవ్వతా ఉండారు తాతా!”

“నవ్వనీలే. పొద్దు ఇంకా యాడ కుంగింది?”

మధ్యాహ్నం మేం అన్నం మూట విప్పామో లేదో, తాడు మాడిన వాసన. చూస్తే మద్రాసు పంపు మెడ దగ్గర పొగ! చూపుకు బాగుండాలని వాళ్లు చుక్క కూడా రాకుండా బిగించేశారు. బాగుచేయడానికి మెకానిక్కు మద్రాసు నుంచి రావాలన్నారు. నాకు గంతులేయాలనిపించింది. తాతయ్య మాత్రం నవ్వలేదు.

“పో పాపా, వాళ్లదానికీ తాడెయ్యి.”

మాడిన తాడు పీకేశాను. కొత్త తాడు ముక్కలు కోసి, ఒక చుట్టు అతుకు మీద ఇంకో చుట్టు అతుకు పడకుండా పేర్చి, చుక్క పడేంత వదులుగా నట్లు బిగించాను. పంపు తిరిగింది. షెడ్డులో పనివాళ్లంతా చుట్టూ మూగారు. మేనేజరు నా తల నిమిరి, “ఇంత పిల్ల బాగుచేస్తా ఉంటే నాకు మద్రాసుతో పనేంది?” అన్నాడు. పొద్దు కుంగేదాకా మా పంపు ఆగలేదు. మిల్లు పంపులన్నిటి బేరం మాకే రాసిచ్చాడు.

ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని, మిల్లు గేటు నుంచి ఉప్పళం దాకా తాతయ్య సైకిలు గంట కొడుతూనే ఉన్నాడు. మా అవ్వ ఐసు బండేమో అనుకుని గిన్నె పట్టుకుని బయటికొచ్చింది.

ఆ అంగడి ఇప్పుడు నాది. మా ఆయన పోయిన కొత్తలో, అంగడికొచ్చేవాళ్ల ముందు కన్నీళ్లు పెట్టుకోకు, చులకనైపోతావు అని చుట్టాలన్నారు. నేను ఆపలేదు. కళ్లు కారుతూనే ఉన్నాయి, చేతులు తాడు చుడుతూనే ఉన్నాయి. అంగడి నిలిచింది, నేనూ నిలిచాను.

మొన్న పెద్ద ఫ్యాక్టరీ నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి, “ఏంది అవ్వా, కొత్త పంపు కారతా ఉండాదే?” అని నవ్వాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టాను. పొద్దు కుంగేదాకా తిప్పి చూడు నాయనా అన్నాను. ఆ ఫ్యాక్టరీ పంపులు కూడా ఇప్పుడు మావే.