రాతి మీది ఎడమకాలు

"...అయితే ఏమైంది? ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ కనిపించని తప్పు నీ ఒక్కడికే కనిపిస్తోందా పెదనాన్నా?"

"మీ నాన్నకీ కనిపించిందమ్మా."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు!"

"కుందేలు సంగతి నాకు తెలీదు. మీ నాన్న మాత్రం బంతిని ఎడమకాలితోనే తన్నేవాడు."

అచ్చుయంత్రం తుడుస్తున్న పనివాడు నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు.

పెదనాన్నని ప్రెస్సులో అద్దం మాస్టారు అంటారు. రాతి మీద గీసిన బొమ్మ కాగితం మీదికి వచ్చేసరికి కుడిఎడమలు తారుమారవుతాయి. అందుకని అన్నీ తిరగేసి గీయాలి. తిరగేసిన అక్షరాలను ఆయన ఉత్తరం రాసినంత సులువుగా రాసేవాడు. పరుగుపందేలకీ ఈతపోటీలకీ గోడలకెక్కిన పోస్టర్లు ఆయనవే. మోకాళ్ళు దాటిన నిక్కర్లు, చారల ఉన్ని చొక్కాలు, మెడ దగ్గర తాడు ముడి. ఆటగాడు ఎవరైనా, బొమ్మకోసం ఎదురుగా నిలబడింది మాత్రం తమ్ముడే. "బొమ్మ పూర్తయ్యేలోపు ఈ ఉన్నిలో ఉడికిపోతానన్నయ్యా" అనేవాడు.

ఫుట్‌బాల్ క్లబ్బు పోస్టరుకి తమ్ముడు కుర్చీ పట్టుకుని ఎడమకాలెత్తాడు. అక్షరాలన్నీ తిరగేసిన అన్న, తమ్ముణ్ణి మాత్రం కళ్ళకు కనిపించినట్టే గీసేశాడు. అచ్చులో కుడికాలు లేచింది.

తమ్ముడు పడీపడీ నవ్వాడు. "ఈ కాలితో తంతే బంతి మన గోల్లోకే పోతుంది."

వచ్చే ఏడు సరిచేస్తానన్నాడు అన్న. ఆ చలికాలంలోనే తమ్ముడు నెమ్ముచేసి పోయాడు. అప్పటికి కూతురికి ఏడు నెలలు.

పని అయ్యాక ఏ రాయినైనా ఇసుకతో రుద్ది, బొమ్మ చెరిపి మళ్ళీ వాడతారు. ఆ ఒక్కదానికి మాస్టారు బొమ్మ చెడకుండా జిగురు పూసి, గోడవైపు తిప్పి నిలబెట్టాడు. మళ్ళీ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఇప్పుడు ప్రెస్సు నడుపుతున్నది ఆ కూతురే. యాభయ్యో ఏట అడుగుపెడుతున్న క్లబ్బు ఆ పాత పోస్టరే కావాలంది. మాస్టారేమో ఆ రాయి రుద్ది, సరిగ్గా గీస్తానని పట్టుబట్టాడు. అంత పెద్ద రాయి మరొకటి పగలకుండా మిగల్లేదు.

"మిగతా పోస్టర్లేవీ మిగల్లేదు. నేను చూసిన నాన్న ఆ పోస్టరొక్కటే. దాన్నీ చెరిపేస్తావా?" అందామె.

"అందులో ఉన్నది మీ నాన్న కాదు."

అన్నాక ఆయనే తల దించుకున్నాడు.

ముందు చిన్న రాతి మీద గీసి చూపించమందామె. మధ్యాహ్నమంతా ఆయన రాతి మీదికి వంగి గీశాడు. నిక్కరు వచ్చింది. చారలు వచ్చాయి. కాలూ సరిగ్గానే తిరిగింది. ముఖం దగ్గర ఆగిపోయాడు. కళ్ళు మూసుకుంటే పోస్టరులోని ముఖమే వస్తోంది. తమ్ముడు పాపిడి ఎటు తీసేవాడో గుర్తురాలేదు.

లేచి వెళ్ళి, పనివాడితో కలిసి పెద్ద రాయిని ఇటు తిప్పించాడు. తడిగుడ్డతో జిగురు తుడిచాడు. బూడిదరంగు రాతిలోంచి మెల్లగా ముడి, మెడ, చెవి తేలాయి. పాపిడి ఎడమవైపుంది. గాల్లోకి లేచిన కాలూ ఎడమదే.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"ఇటు చూస్తున్నాడేంటి పెదనాన్నా? మా ఇంట్లో పోస్టర్లో అటు చూస్తాడు."

"ఇటే చూసేవాడు."

ఆమె వేలు రాతి దాకా వెళ్ళి, ముట్టుకోకుండా ఆగింది.

మాస్టారు గుడ్డ పిండి యంత్రం మీద ఆరేశాడు. పనివాడి వైపు తిరిగాడు.

"రాయి రుద్దొద్దు. రేపు పొద్దున దీన్నే అచ్చెయ్యండి."